కళ్ళు మూసుకుని ఎత్తిన చేతులు

నాకు నోరెక్కువని మా సంఘంలో అందరికీ తెలుసు. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. తప్పు కనబడితే ఊరుకోవడం నాకు చేతకాదు. రిటైరయ్యాక ఎర్రసిరా పెన్ను పక్కన పెట్టానే గానీ, దాని పని నా నోటికి అప్పజెప్పాను. పాటల పుస్తకంలో అచ్చుతప్పు దగ్గర్నుంచి అయ్యగారి ప్రసంగంలో సంవత్సరాల లెక్క దాకా అన్నీ సరిదిద్దుతాను. మా పాస్టరుగారిని మేమందరం అయ్యగారనే పిలుస్తాం. ఆయన నన్ను చూస్తే కొంచెం జంకుతారు. అందుకు నేను లోలోపల సంతోషపడేదాన్ని కూడా. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఆదివారం సాయంత్రం ఏం జరిగిందో చెప్పాక నా గురించి ఇంత గొప్పగా చెప్పుకునే ధైర్యం నాకు మిగలదు.

మాది గుంటూరుకూ ఒంగోలుకూ నడుమ ఉన్న ఓ మోస్తరు పట్టణం. చుట్టూ మిరప, పత్తి చేలు. ఊరి బయట రోడ్డు వెంట వరసగా కోల్డ్ స్టోరేజీలు. ఆ స్టోరేజీల ముందు రేకుల పందిళ్ళ కింద ఏడాదిలో తొమ్మిది పది నెలలు ఆడవాళ్ళు కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తుంటారు. పొద్దున ఏడింటికి కూర్చుంటే సాయంత్రం దాకా లేవరు. ఆ పని చేసే మనిషి చెయ్యి ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఆముదం రాసుకున్నా, మజ్జిగలో ముంచుకున్నా మంట పోదు. చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా భయమే.

మా మందిరానికీ మా ఇంటికీ నడుమ ఎకరం పైచిలుకు ఖాళీ స్థలం ఉంది. సంఘానిదే. ఒకప్పుడు అందులో మిషన్ ఆసుపత్రి వాళ్ళ క్వార్టర్లు ఉండేవి. రెండు వరసల పెంకుటిళ్ళు. ఆయాలు, కాంపౌండర్లు, వంటవాళ్ళు, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఆడవాళ్ళు అందులో కాపురం ఉండేవాళ్ళు. అద్దె పేరుకే ఉండేది. మా అమ్మ ఆసుపత్రిలో ఆయా. మొదటి వరసలో నాలుగో ఇల్లు మాది. నేను పుట్టిందీ, ఎక్కాలు నేర్చిందీ, టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చిందని కాగితం అందుకున్నదీ ఆ గడపలోనే. నేనొక్కదాన్నే కాదు, ఇవాళ మా సంఘంలో కారు దిగి వచ్చే సగం కుటుంబాలు ఆ రెండు వరసల్లోంచి వచ్చినవే. ఆసుపత్రి మూతపడ్డాక ఇళ్ళు కూలిపోయాయి. ఇప్పుడక్కడ సర్కారు తుమ్మ మొలిచింది. సీజన్లో ఓ రైతు కొంత మేర శుభ్రం చేయించి కాయలు ఆరబోసుకుంటాడు. మిగతా రోజుల్లో గేదెలు తిరుగుతాయి.

నేను ఉద్యోగం చేసేటప్పుడు ఆ స్థలం అంచునే ఇల్లు కట్టుకున్నాను. పుట్టిన చోటు కళ్ళ ముందు ఉండాలని నా కోరిక. నా పడకగది కిటికీ తెరిస్తే అదే కనబడుతుంది.

ఆ స్థలం మీద హౌసింగ్ ఆఫీసు కన్ను పడింది. వాళ్ళ ఇంజనీరు ఒకాయన వచ్చి అయ్యగారితో మాట్లాడాడు. స్థలం సంఘానిదే ఉంటుంది, ఇళ్ళు ప్రభుత్వం కడుతుంది, స్టోరేజీల్లో పనిచేసే కుటుంబాలను తక్కువ అద్దెకు పెడుతుంది, మిగిలిన అద్దె తనే భరిస్తుంది. సంఘం ఒప్పుకుని తీర్మానం రాసిస్తే చాలు. అయ్యగారు ఈ సంగతి చెప్పగానే నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, కొట్టకుండా ఎలా ఉంటాను?

సంతోషానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఏడాది వేసవి నుంచి తొమ్మిదో తరగతి పాసైన ఒక అమ్మాయి సాయంత్రాలు లెక్కలు చెప్పించుకోవడానికి మా ఇంటికి వస్తోంది. వాళ్ళమ్మ తొడిమలు తీసే మనిషి. నీటి చుక్క లేక ఎండిపోయిన మెట్ట ఊరు వాళ్ళది, జిల్లాకు పడమటి వైపు. భర్త చీమకుర్తి రాళ్ళ పనికని వెళ్ళి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఆమె ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని మా ఊరొచ్చి రేకుల గది ఒకటి అద్దెకు తీసుకుంది. పెద్దపిల్ల మా హైస్కూల్లోనే చేరింది. మా పాత హెడ్మాస్టరు ఆ పిల్ల పేపరు ఒకటి తెచ్చి నాకు చూపించాడు. ముప్పై రెండేళ్ళలో అలాంటి పేపరు నేను నాలుగైదుసార్లు చూసి ఉంటాను. పుస్తకంలో లేని దారిలో లెక్క చేసి, జవాబు సరిగ్గా రప్పించింది. పిల్లను పంపించమన్నాను.

పిల్ల వెంట అప్పుడప్పుడు తల్లి కూడా వచ్చేది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ చూపించి కూర్చోమంటే, నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి కుర్చీలో పరుచుకుని దాని మీద కూర్చునేది. "ఘాటు అంటుకుంటదండి, మళ్ళా మీకు ఇబ్బంది," అనేది. ఆమె వెళ్ళిపోయాక నేను తడిగుడ్డతో కుర్చీ తుడిచేదాన్ని. తువ్వాలు వేసుకుని కూర్చున్న కుర్చీని కూడా తుడిచేదాన్ని. అందులో తప్పేముంది, మిరప ఘాటు ఎవరికైనా తుమ్ము తెప్పిస్తుంది కదా అనుకునేదాన్ని.

జూన్‌లో బడి తెరిచిన వారానికి ఆమె కళ్ళనీళ్ళతో వచ్చింది. గది ఖాళీ చెయ్యమన్నారు. పంపు దగ్గర ఆమె బట్టలు ఉతికాక నీళ్ళు పట్టుకుంటే తన చేతులు మండుతున్నాయని యజమాని కోడలు గొడవ పెట్టింది. ఇంకో గది కోసం పది చోట్ల తిరిగింది. ఏం పని చేస్తావని అడగడం, స్టోరేజీ అనగానే తలుపు వేసెయ్యడం. కొందరు అంతకంటే ముందే మీరేవిట్లమ్మా అని అడిగి కులం చెప్పగానే లేదన్నారు.

"నెల గడువిచ్చారండి. దొరక్కపోతే మా ఊరు పోవాలి. అక్కడ హైస్కూలు లేదు. దీన్ని బడి మానిపిస్తే చేతులారా గొంతు పిసికినట్టేనండి," అంది.

"ఎక్కడికీ పోనక్కర్లేదు. మా స్థలంలో ఇళ్ళు వస్తున్నాయి. అందాకా ఆ యజమాని సంగతి నేను చూస్తాను. నేనున్నానుగా!" అన్నాను.

ఆ మాట మీద నేను నిజంగానే కదిలాను. ఆ యజమాని దగ్గరకు వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టి, ఇళ్ళ సంగతి చెప్పాను. "సరే టీచరుగారూ, మీ సంఘం ఒప్పుకుందని కాగితం చూపిస్తే ఇళ్ళు లేచేదాకా ఓపిక పడతా. ఉత్త మాటలైతే కుదరదు," అన్నాడు. అంటే అంతా ఆ తీర్మానం మీదే ఉంది. అయ్యగారిని తొందరపెట్టి సంఘ కూటం ఏర్పాటు చేయించాను. తొడిమలు తీసే కుటుంబాల వాళ్ళనే కొందరిని పిలిపించి వాళ్ళ గోడు వాళ్ళ నోటితోనే చెప్పిద్దామని సలహా ఇచ్చిందీ నేనే.

ఆ ఆదివారం సాయంత్రం మందిరం నిండింది. క్రిస్మసుకు తప్ప కనబడని మొహాలు కూడా వచ్చాయి. అప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది. పిలిచిన కుటుంబాలు ఏడెనిమిది, తలుపు దగ్గర వేసిన చాపల మీద కూర్చున్నారు. ముందుకు రమ్మన్నా రాలేదు. మా లెక్కల అమ్మాయీ, వాళ్ళమ్మా, చెల్లెలూ కూడా అక్కడే. తల్లి లేచి నాలుగు ముక్కలు చెప్పింది. మధ్యలోనే కూర్చుండిపోతే, మిగతాది పెద్దపిల్ల చెప్పింది. ఒక్క గదీ, నీళ్ళూ, చదువుకోవడానికి ఒక లైటూ ఉంటే చాలని చెప్పి, "థ్యాంక్యూ" అని కూర్చుంది. ఒకరిద్దరు ముక్కులు చీదారు.

తర్వాత మా వాళ్ళు మొదలుపెట్టారు.

తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన సంఘపెద్ద ఒకాయన ముందు లేచాడు. "పాపం, వాళ్ళ కష్టం చూస్తే నాకూ కడుపు తరుక్కుపోతోందండీ. వాళ్ళకి ఇళ్ళు వద్దని ఎవరన్నారు? ఇక్కడ వద్దంటున్నాం, అంతే. ఊరి బయట బోలెడు జాగా ఉంది," అన్నాడు. ఆయన పుట్టింది రెండో వరసలో చివరి ఇంట్లో. వాళ్ళ నాన్న ఆసుపత్రిలో వంట చేసేవాడు. ఊరి బయట జాగా అనే మాట ఆయన నోటి వెంట వింటుంటే నేను నా చెవుల్ని నమ్మలేకపోయాను.

మా గాయక బృందాన్ని నడిపించే ఆవిడ లేచింది. నాకు చెల్లెలి వరస, చిన్నప్పటి స్నేహం. "ఒకసారి ఎక్కించామంటే మళ్ళీ దించగలమా అక్కా? రేప్పొద్దున మగాళ్ళు తాగొచ్చి మందిరం ముందు పడిపోతే? మన ఆడపిల్లలు పాట ప్రాక్టీసుకి ఎట్లా వస్తారు?" అంది. ఇంకొకతను స్థలాల రేట్లు పడిపోతాయన్నాడు. వేరొకాయన వాళ్ళలో మన విశ్వాసులు ఎందరున్నారో తేల్చమన్నాడు. ఇంకెవరో, ఘాటుకి ఆరాధనలో తుమ్ములే తప్ప పాటలుండవన్నారు. చాలామంది నవ్వారు. చాపల మీద కూర్చున్నవాళ్ళు కూడా, నవ్వాలేమో అనుకుని, కొంచెం నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది.

లేచాను. ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. "సిగ్గుందా మీకు?" అనే మొదలుపెట్టాను. ఎవరెవరు ఏ ఇంటి నంబర్లో పుట్టారో వరసపెట్టి చెప్పాను. గుమాస్తాగారి వైపు తిరిగి, "మీ నాన్న చేతికి ఉల్లిపాయ వాసన పోయేదా? ఎవరైనా ఆయన్ని ఊరి బయట ఉండమన్నారా?" అని అడిగాను. మా చెల్లెమ్మను, "మీ అమ్మ పురుడు పోసుకున్న గది ఎక్కడుందో ఇప్పుడు తుమ్మచెట్టు కింద వెతుకుదాం రా!" అన్నాను. ఒక్కరూ తలెత్తలేదు. వెనక చాపల మీది నుంచి ఆ తల్లి నా వంక చేతులు జోడించి చూస్తోంది. గెలిచాననే అనుకున్నాను. కూర్చునేటప్పుడు నా చీరకొంగు సర్దుకుంటూ పక్కావిడ వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

అయ్యగారు నెమ్మదస్తులు. ఇంత రగడ తర్వాత మనుషులు మొహాలు చూసుకుంటూ చేతులెత్తితే సంఘం రెండుగా చీలిపోతుందని ఆయన భయం. అందుకని మాకు అలవాటైన పద్ధతే పెట్టారు. ఉజ్జీవ సభల్లో ప్రభువును నమ్ముకుంటామని తీర్మానం చేసుకునేవాళ్ళను అడిగేటప్పుడు అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోవాలి. ఎవరు చెయ్యెత్తారో పక్కవాళ్ళకు తెలియదు, ప్రసంగీకుడికే తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి మేం అలాగే పెరిగాం. ఆ వేళ కళ్ళు తెరవడమంటే మాకు దొంగతనంతో సమానం. పిల్లప్పుడు వేళ్ళ సందుల్లోంచి చూసి మా అమ్మ చేత మొట్టికాయ తిన్నాను.

"ప్రతి తలా వంచి, ప్రతి కన్నూ మూసుకోండి. ప్రభువుకీ మీకూ మధ్య మాట ఇది. ఇళ్ళు కట్టనివ్వాలి అనేవాళ్ళు కుడిచెయ్యి ఎత్తండి," అన్నారు అయ్యగారు.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పకూడదనుకున్నది.

కళ్ళు మూసుకున్నాను. చీకటైంది. చెయ్యి ఎత్తాలి. ఎత్తడానికే వచ్చాను. ఆ చీకట్లో నాకు మా అమ్మ కనబడాలి, నాలుగో ఇల్లు కనబడాలి, ఆ పిల్ల పేపరు కనబడాలి. నాకు కనబడింది నా పడకగది కిటికీ. దాని అవతల దండేల మీద ఆరేసిన చీరలు. పొద్దున్నే పంపు దగ్గర బిందెల చప్పుడు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా నా గొంతులో ఘాటు. మధ్యాహ్నం పడుకుంటే కిటికీ కింద పిల్లల అరుపులు. ఇంతసేపూ నేను తిట్టిపోసిన మాటలన్నీ నా లోపల వరసగా కూర్చుని ఉన్నాయి. ఇంతమంది తలలు వంచుకున్నారు కదా, నా మాటలకు వాళ్ళే ఎత్తుతారులే, నా ఒక్క చెయ్యి లేకపోతే ఏమైంది అనుకున్నాను. చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

"దించండి. వద్దు అనేవాళ్ళు ఎత్తండి," అన్నారు.

ఎవరో నా చెయ్యి పట్టుకుని ఎత్తించినట్టుందని రాయాలని ఉంది. అది అబద్ధం. నేనే ఎత్తాను. మోచెయ్యి వంచకుండా, నిటారుగా, బళ్ళో పిల్లలకు నేర్పినట్టే ఎత్తాను. అయ్యగారు నిదానంగా లెక్కపెడుతున్నారు. భుజం నొప్పి పుట్టినా దించలేదు. అంతసేపూ నాకు భయం వెయ్యలేదు, సిగ్గు వెయ్యలేదు. చల్లటి నీళ్ళు తాగినంత హాయిగా ఉంది. ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వనిది ఆ హాయే.

కళ్ళు తెరిచాక అయ్యగారు నా వైపు చూడలేదు. కాగితం మీద చూపు పెట్టి, వద్దన్నవాళ్ళే ఎక్కువమంది అని చెప్పారు. తేడా పెద్దదే. నా చెయ్యి అటు పడ్డా ఫలితం మారేది కాదు. ఈ లెక్క మాత్రం నేను మళ్ళీ మళ్ళీ చేసి చూసుకున్నాను.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కోపమే వచ్చింది, అదీ ఎదుటివాళ్ళ మీద. కళ్ళు తెరవగానే నేను మళ్ళీ పాత మనిషినయ్యాను. చెయ్యెత్తినది నేను కానట్టే విసవిసా తలుపు దగ్గరకు నడిచాను. మెట్ల దగ్గర తల్లీపిల్లలు చెప్పులు వెతుక్కుంటున్నారు.

"చూశావా అమ్మాయ్ మావాళ్ళ సంగతి! పైకి కన్నీళ్ళు, లోపల విషం. నా ముందు తలలొంచుకున్న పెద్దమనుషులే కళ్ళు మూయించగానే చేతులెత్తేశారు. అయ్యగారు కళ్ళు మూయించి వీళ్ళను బతికించారు గానీ, లేకపోతే ఒక్కొక్కళ్ళ మొహం నేను చూద్దును!" అన్నాను.

తల్లి చెప్పు తొడుక్కోవడం ఆపి నిలబడింది.

"పోనీండి టీచరమ్మగారూ, ఎవుర్నీ ఏమనబాకండి," అంది.

"ఎందుకనకూడదు? రేపు ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి అడుగుతాను."

"మేం కళ్ళు మూసుకోలేదండి," అంది. తిట్టినట్టు కాదు, తప్పు ఒప్పుకున్నట్టు అంది. "ఆ మాట మీ వాళ్ళకే చెప్పారనుకున్నాం. ఓట్లు మీవి గదా. మూసుకోవాలని మాకు తెలవదండి."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. ఏడెనిమిది కుటుంబాలు. చంటిపిల్లలతో సహా. గుడి అలవాటున్నవాళ్ళో, ఏ అలవాటూ లేని వాళ్ళో, మా పద్ధతులు తెలియని మనుషులు. మేమంతా తలలు వంచుకుని ఎవరూ చూడడం లేదని ధైర్యంగా చేతులెత్తుతుంటే, ఎవరి బతుకు గురించి ఎత్తుతున్నామో వాళ్ళే వెనక కూర్చుని ఒక్కొక్క చెయ్యీ చూస్తున్నారు. అయ్యగారికి తట్టలేదు. నాకూ తట్టలేదు. ఊళ్ళో అందరి తప్పులూ పట్టే నాకు తట్టలేదు.

పిల్ల నా మొహం వంక చూడడం లేదు. నా కుడిచేతి వంక చూస్తోంది.

"వస్తామండి. చానాసేపు ఎత్తి ఉంచారు, భుజానికేమన్నా రాసుకోండి," అంది తల్లి. అందులో వెటకారం ఉందేమోనని నేను ఎన్నోసార్లు ఆ మాటను తిప్పి తిప్పి చూసుకున్నాను. లేదు. ఆ మనిషికి చేతుల నొప్పి సంగతి బాగా తెలుసు, అంతే.

ఇంటికొచ్చి వరండాలో కూర్చుండిపోయాను. ముందు నన్ను నేను సమర్థించుకున్నాను. ప్రార్థనలో కళ్ళు తెరిచి చూడడం ఏం మర్యాద అని ఆమె మీదే విసుక్కున్నాను! ఆ మాట పైకి అని, నా గొంతు నేనే విని ఉలిక్కిపడ్డాను. తర్వాత ఏడుపొచ్చింది. అరవై నాలుగేళ్ళ మనిషిని, నన్ను నేను ఇన్నాళ్ళూ ఎవరనుకుంటున్నానో ఆ మనిషి లేదని తెలిసి ఏడ్చాను. మా ఆయన పోయినప్పుడు కూడా ఇంత దిక్కుతోచనట్టు లేదు.

సోమవారం పిల్ల లెక్కలకు రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం నేను మా ఇంటి వెనక సామాన్ల గది ఖాళీ చేయించడం మొదలుపెట్టాను. పాత బీరువా, విరిగిన బల్లలు బయట పడేయించి సున్నం వేయించాను. ఆ గదిలో ఫ్యానుంది, పక్కనే పంపుంది. ఏళ్ళుగా ఉంది. జూన్‌లో ఆమె నా వరండాలో కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు కూడా ఆ గది అక్కడే ఉంది. ఊళ్ళో అందరి మనసుల్లో చోటు లేదని తిట్టిన నాకు, ఆ గది ఒకటుందని అప్పుడు గుర్తే రాలేదు. ఈ సంగతి తట్టినప్పుడు సున్నం బకెట్ పక్కన అలాగే నిలబడిపోయాను.

గురువారం పొద్దున్నే వాళ్ళ రేకుల గదికి వెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఇంటి యజమాని కోడలు ముక్కుకు కొంగు చుట్టుకుని ఫినాయిలుతో నేల కడుగుతోంది.

"నిన్నే ఖాళీ చేశారు టీచరుగారూ. మీ సంఘం ఒప్పుకోలేదంటగా, మావయ్య ఇంక ఆగనన్నాడు," అంది. ఆ అమ్మాయి గొంతులో కొంచెం నొచ్చుకున్నట్టు కూడా ఉంది.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. పిల్లే ఎత్తింది. వెనక మనుషుల మాటలు, ఎవరివో దగ్గులు వినిపిస్తున్నాయి.

"అమ్మను తీసుకుని వచ్చెయ్యమ్మా. మా ఇంట్లో గది సిద్ధం చేశాను. అద్దె లేదు, ఏమీ లేదు. నీ చదువు పాడవకూడదు," అన్నాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి.

"మీ ఇంట్లోనా టీచర్?" అంది. తర్వాత ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి తల్లితో ఏదో అంది. తల్లి ఏమందో నాకు వినబడలేదు. మళ్ళీ వచ్చి, "వద్దంట టీచర్. మీకు ఇబ్బంది అవుద్దంట. అమ్మ దండాలు చెప్పమంది," అంది.

"నాకే ఇబ్బందీ లేదు. బడి సంగతేంటి మరి?"

"ఇక్కడ కూడా తొడిమల పని ఉంది టీచర్, మా ఊరికి దగ్గర్లో, రోడ్డు మీద ఊళ్ళో. ఇవాళ అమ్మతోపాటు నేను కూడా వచ్చా." ఫోను చెయ్యి మార్చుకున్న చప్పుడైంది. "చేతులు మండుతున్నయ్. ఫోను సరిగా పట్టుకోలేకపోతున్నా, పెట్టేస్తా టీచర్."

పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

తర్వాతి ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకునే వేళ అది. నేను లేచాను. నేనెప్పుడు లేచినా ముందు వరసలు ఒకసారి కదులుతాయి, ఎవరి తప్పు పడుతుందోనని. ఆ రోజు కూడా కదిలాయి.

"నేను చెప్పేది మేలు కాదు. పోయిన ఆదివారం మీ అందర్నీ సిగ్గుందా అని అడిగాను. తర్వాత కళ్ళు మూసుకుని, ఇళ్ళు వద్దని చెయ్యెత్తాను. అయ్యగారు చూశారు. ఆయన చెప్పలేదు, నేనే చెబుతున్నాను," అన్నాను. అయ్యగారు చేతిలో బైబిలు మూశారు. "ఇంకొకటి. వెనక కూర్చున్న ఆ కుటుంబాల వాళ్ళు కళ్ళు మూసుకోలేదు. మూసుకోవాలని వాళ్ళకు తెలియదు. మన చేతులన్నీ చూశారు. నాదీ, మీవీ. ఒక పిల్ల బడి మానేసి ఇవాళ తొడిమలు తీస్తోంది. ఆ పిల్లకు నేను మాటిచ్చాను. మళ్ళీ అడగండి అయ్యగారూ. ఈసారి కళ్ళు తెరుచుకుని ఎత్తుదాం."

మా చెల్లెమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. పొద్దున్నే వాళ్ళింట్లో పాచిపని చేసి స్టోరేజీకి వెళ్ళే ఆమె కూడా ముందటి వారం చాప మీదే కూర్చుందని అప్పుడే గుర్తొచ్చి ఉంటుంది. నా కొంగు పట్టుకుని లాగుతూ, "కూర్చో అక్కా, నీకు దణ్ణం పెడతా, కూర్చో," అని గొణిగింది. ముందు వరసలో గుమాస్తాగారు చెమట తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి తలుపు వంక ఒకసారి చూశాడు, అక్కడ ఇంకా ఎవరైనా కూర్చుని ఉన్నారేమోనన్నట్టు. చాలామంది అలాగే తిరిగి చూశారు.

అయ్యగారు మైకు పట్టుకుని నిలబడ్డారు. అడుగుతారనే అనుకున్నాను. ఆయన పెదవులు కదిలాయి కూడా.

"అయ్యగారూ, ప్రార్థన చేద్దామండీ," అన్నాడు గుమాస్తాగారు.

ఆ మాటతో మందిరమంతా ఊపిరి పీల్చుకున్నట్టయింది. అయ్యగారు తల వంచారు. ఒక్కొక్క వరసా తల వంచింది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక ప్రార్థనలో కళ్ళు తెరిచి నిలబడటం నాకదే మొదటిసారి. ఇళ్ళు కట్టాలని కుడిచెయ్యి ఎత్తాను. భుజం నొప్పి పుట్టేదాకా ఎత్తి ఉంచాను. అయ్యగారి ప్రార్థన చాలాసేపు సాగింది. చూసేవాళ్ళు ఎవరూ లేరు. తలుపు దగ్గర చాపలు కూడా ఎవరో చుట్టి మూలన పెట్టేశారు.